మూలికల నాణ్యతకు కొలబద్ద

బిలాస్‌పూర్ పట్టణమును పెంచినది రైలుమార్గము. 1887వ సంవత్సరమున ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ తన మార్గమును ఈ వైపుగా కొనిపోయిన పిమ్మట, అర్పా నదీతీరమునందలి ఈ ఊరు పెద్ద జంక్షన్ అయినది. ఆ కంపెనీ కొలువులకై శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తరలివచ్చిన తెలుగువారు అనేకులు ఇచటి రైల్వే కాలనీలలో స్థిరపడిరి. 2003వ సంవత్సరమునుండి బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రముగా నున్నది. తరములు మారినను ఈ తెలుగు ఇండ్లలో కొన్ని మాటలు మారలేదు. జ్వరమునకు నేలవేము కషాయము, కామెర్లకు నేల ఉసిరి అని పెద్దలు నేటికిని చెప్పుచుందురు.

అయితే ఆ మూలికను కొనుటకు బజారునకు పోయినపుడు చిక్కు ఏర్పడును. నేలవేము అన్న పేరు ఇచటి పన్సారీ అంగడివానికి తెలియదు. ఛత్తీస్‌గఢ్ గ్రామములలో దానిని భుయినీమ్ అందురు. ఆ మాటకును నేలవేప యనియే అర్థము. పట్టణమునందు కాల్‌మేఘ్ అందురు. కొన్ని అంగళ్లలో ఆ మొక్కనే చిరాయతా అను పేర అమ్ముచుందురు. నిజమైన చిరాయతా వేరొక మొక్క. అది హిమాలయ పర్వతసానువులయందు పెరుగునదే కాని బిలాస్‌పూర్ పరిసరారణ్యములలో పెరుగునది కాదు. అంతియే కాదు, తెలుగునందును ఈ రెండు మొక్కలకు నేలవేము అను పేరే వాడుకలో నున్నది. రెండును చేదే. రెండింటిని ఎండబెట్టి ముక్కలు చేసి గోనెసంచిలో పోసిన పిమ్మట, అనుభవజ్ఞుడైన మూలికా వర్తకుడు కూడ పొరబడవచ్చును. పొడి చేసిన పిమ్మట కన్నుగాని నాలుకగాని చేయగలిగినది ఏమియు లేదు.

మరి ఆ పొడిలో నున్నది ఏ మొక్కయో, దానిలో ఔషధగుణమునకు కారణమైన పదార్థము ఎంత యున్నదో తెలిసికొనుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము ఒక చిన్న గాజుబుడ్డిలో నున్నది. ఆ బుడ్డిలోని తెల్లని పొడి కొన్ని మిల్లీగ్రాములకు మించదు. దానినే ప్రామాణిక పదార్థ మందురు. అది ఎట్లు తయారగునో, దానివలన ప్రజలకు కలుగు రక్షణ యేమో ఈ చిన్నపుస్తకమున వివరింపబడినది.

పేరు పొరపాటువలన కలుగు కీడు

ఒక మూలికకు బదులు మరియొకటి వచ్చినంత మాత్రమున ఏమి నష్టము అని కొందరు తలపవచ్చును. వారు బెల్జియము దేశమున జరిగిన సంగతి తెలిసికొనవలెను. 1990-92 సంవత్సరముల మధ్య బ్రస్సెల్స్ నగరమున శరీరపు లావు తగ్గించు చికిత్సాలయమున చీనా మూలికలతో కూడిన మాత్రలు ఇచ్చిరి. అందులో హాన్ ఫాంగ్ జీ అను మూలిక ఉండవలసియుండెను. దాని స్థానమున గువాంగ్ ఫాంగ్ జీ అను వేరొక మూలిక చేరినది. పేర్లు రెండును దగ్గరివి, మొక్కలు మాత్రము వేరు. రెండవది అరిస్టొలోకియా జాతికి చెందినది. అందులోని అరిస్టొలోకిక్ ఆమ్లము మూత్రపిండములను నాశనము చేయును. 1993వ సంవత్సరమున వైద్యులు ఈ విషయమును లోకమునకు వెల్లడించిరి. క్రమముగా నూరుమందికి పైగా బాధితులు బయటపడిరి. పలువురికి మూత్రపిండములు పూర్తిగా చెడిపోయినవి. కొందరికి తరువాతి కాలమున మూత్రనాళములందు క్యాన్సరు కూడ కలిగినది. 2002వ సంవత్సరమున అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ, అరిస్టొలోకియా జాతి మొక్కలుగల మందులను మానవులకు క్యాన్సరు కలిగించువానిగా నిర్ణయించినది.

మన దేశమున ఈశ్వరి యని పిలువబడు మొక్క ఈ జాతికి చెందినదే. కనుక ఇది దూరదేశపు కథ యని మనము తోసివేయరాదు. బ్రస్సెల్స్‌లో ఆ మాత్రలు మ్రింగినవారు విషమును కోరి తినలేదు. వారు పేరును నమ్మిరి. ఆ పొడిలో అరిస్టొలోకిక్ ఆమ్లము ఉన్నదా లేదా అని ముందుగా పరీక్షించియున్నచో కీడు తప్పియుండెడిది. అట్టి పరీక్షకు శుద్ధమైన అరిస్టొలోకిక్ ఆమ్లము కొంచెము చేతనుండవలెను. దేనిని వెదకుచున్నామో దాని నమూనా లేనిదే వెదకుట సాధ్యము కాదు గదా.

ప్రామాణిక పదార్థ మనగా నేమి

రైల్వే కాలనీ వాసులకు ఈ విషయమును సులభముగా చెప్పవచ్చును. మన దేశమున బ్రాడ్ గేజి మార్గమున రెండు పట్టాల మధ్య దూరము 1676 మిల్లీమీటర్లు. పట్టాలు సరిగా నున్నవో లేవో చూచుటకు మార్గమును కాచు పనివారు గేజి కడ్డీని ఉపయోగింతురు. ఆ కడ్డీయే తప్పైనచో ఎంత శ్రద్ధగా కొలిచినను మార్గము తప్పుగనే యుండును. పైగా కొలిచితిమి గదా అను ధైర్యము వలన ప్రమాదము మరింత హెచ్చును.

మూలికల పరీక్షయందు ప్రామాణిక పదార్థము ఈ గేజి కడ్డీ వంటిది. ఒక మొక్కకు చెందిన ముఖ్యమైన రసాయన పదార్థమును ఇతర పదార్థములనుండి వేరుచేసి, అది అదియే యని నిరూపించి, దాని శుద్ధి నూటికి ఎంతయో నిర్ణయించి భద్రపరచినచో అది ప్రామాణిక పదార్థమగును. తెలియని పొడిని దీనితో పోల్చి చూతురు. నేలవేమునకు అట్టి పదార్థము ఆండ్రోగ్రఫోలైడ్. ఆ మొక్క చేదునకు ప్రధాన కారణము ఇదియే. హిమాలయపు చిరాయతాలో ఇది లేదు. దాని చేదు అమరోజెంటిన్ మొదలగు వేరు పదార్థములవలన కలుగునది. నాలుకకు ఒకటిగా తోచిన రెండు చేదులు రసాయనశాలలో వేరువేరుగా బయటపడును.

ఆకునుండి స్ఫటికము వరకు

మొదటి పని రసాయనశాలలో కాదు, పొలమునందో అడవియందో జరుగును. సేకరించిన మొక్క నిజముగా నేలవేమే యని వృక్షశాస్త్రజ్ఞుడు నిర్ధారణ చేయవలెను. పువ్వు, కాయ, ఆకులతో కూడిన ఒక కొమ్మను అణచి ఎండబెట్టి, సేకరించిన స్థలమును తేదీని వ్రాసి భద్రపరతురు. మున్ముందు ఎవరికైన సందేహము కలిగినచో ఆ నమూనాయే సాక్ష్యము. మొదటనే మొక్క తప్పైనచో తరువాతి శ్రమ యంతయు వ్యర్థము.

సేకరించు కాలము కూడ ముఖ్యమైనది. నేలవేమునందు ఆండ్రోగ్రఫోలైడ్ ఆకులలో ఎక్కువగా నుండును, కాడలలో తక్కువ. పూత పట్టు సమయమున అది హెచ్చుగా నుండి, గింజ ముదిరిన పిమ్మట తగ్గిపోవును. ఆకులను నీడయందు ఎండబెట్టి పొడి చేయుదురు. ఆ పొడిని మిథనాల్ వంటి ద్రావణిలో నానబెట్టినచో చేదు పదార్థము దానిలో కరగును. దానితోపాటు ఆకుపచ్చని రంగు, మైనము, మరి అనేక పదార్థములును కరగివచ్చును. మైనమును రంగును తొలగించి ద్రావణిని ఆవిరిచేసి చల్లబరచినచో ఆండ్రోగ్రఫోలైడ్ స్ఫటికములుగా ఏర్పడును. ఆ స్ఫటికములను వడబోసి, మరల కరగించి, మరల స్ఫటికములుగా చేయుదురు. పటికబెల్లము కట్టునపుడు మురికి పాకమున మిగిలి, పలుకులు తేటగా ఏర్పడుట మన మెరిగినదే. ఇదియు అట్టిదే.

అన్ని మొక్కల పదార్థములు ఇంత సులభముగా లొంగవు. అట్టి సమయమున క్రొమటోగ్రఫీ అను పద్ధతిని అవలంబింతురు. రష్యా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు మిఖాయిల్ త్స్వెత్ ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో దీనిని కనుగొనెను. ఆయన సుద్దపొడి నింపిన గాజు గొట్టముగుండ ఆకుల సారమును పోయగా అందలి రంగులు వేరువేరు పట్టీలుగా విడిపోయినవి. నేడు సుద్దకు బదులు సాధారణముగా సిలికా జెల్ వాడుచున్నారు. పైనుండి ద్రావణిని మెల్లగా పోయుచుండగా కొన్ని పదార్థములు త్వరగా క్రిందికి దిగును, కొన్ని సిలికాను పట్టుకొని వెనుకబడును. క్రిందికి వచ్చు ద్రవమును చిన్న చిన్న గొట్టములలో వరుసగా పట్టి, ఏ గొట్టములో ఏమి యున్నదో పరీక్షింతురు.

ఇందువలన లభించు ఫలితము మిక్కిలి స్వల్పము. ఒక కిలోగ్రాము ఎండిన ఆకులో ఆండ్రోగ్రఫోలైడ్ నూటికి రెండు వంతులు ఉన్నదనుకొన్నచో మొత్తము 20 గ్రాములు మాత్రమే. శుద్ధి చేయు ప్రతి మెట్టునందును కొంత నష్టమగును. కనుక చేతికి వచ్చునది అంతకంటె తక్కువ. నేలవేము వంటి ధారాళమైన మొక్క సంగతియే ఇట్లుండగా, వేయింట ఒక వంతు కూడ లేని పదార్థముల విషయము చెప్పనక్కరలేదు. ప్రామాణిక పదార్థములకు వెల హెచ్చుగా నుండుటకు ఇదియే కారణము.

శుద్ధిని నిరూపించుట

తెల్లని స్ఫటికములు కనబడినంతనే పని ముగియలేదు. అవి ఆండ్రోగ్రఫోలైడే యని రుజువు కావలెను. దాని అణువునందు కర్బన పరమాణువులు 20, హైడ్రొజన్ పరమాణువులు 30, ఆక్సిజన్ పరమాణువులు 5 కలవు. అణుభారము సుమారు 350. అది సుమారు 230 డిగ్రీల సెంటిగ్రేడు వేడి యొద్ద కరగును. అణుభారమును, పరమాణువుల అమరికను తెలుపు యంత్రములు నేడు కలవు. ఈ పరీక్షలన్నియు ఒకే మాట చెప్పినపుడే పేరు నిశ్చయింతురు.

పిదప శుద్ధిని నిర్ణయింతురు. అందులో తోటి పదార్థములు ఎంత, తేమ ఎంత, మిగిలిపోయిన ద్రావణి ఎంత, కాల్చినచో మిగులు బూడిద ఎంత యని విడివిడిగా కొలిచి, వానినన్నింటిని తీసివేయగా మిగిలినదే నిజమైన పదార్థము. అది నూటికి 98 అని తేలినచో బుడ్డిమీద 98 అనియే వ్రాయవలెను గాని 100 అని వ్రాయరాదు. ఆ బుడ్డిని వెలుతురు, తేమ సోకని చల్లని చోట నుంచి, గడువు ముగిసినపుడు మరల పరీక్షింపవలెను.

పరీక్ష జరుగు విధము

మొదటి పరీక్ష సులభమైనది. సిలికా జెల్ పలుచగా పూసిన పలకమీద ఒక చుక్క ప్రామాణిక పదార్థమును, దాని ప్రక్కన బజారు పొడి సారమును ఒక చుక్క ఉంచుదురు. పలక అడుగుభాగమును ద్రావణిలో నిలిపినచో అది పైకి ప్రాకుచు చుక్కలలోని పదార్థములను వేరువేరు ఎత్తులకు మోసుకొనిపోవును. అతినీలలోహిత కాంతిలో చూచినపుడు ఆండ్రోగ్రఫోలైడ్ నిలిచిన చోట నల్లని మచ్చ కానవచ్చును. బజారు పొడి వరుసలో అదే ఎత్తున అట్టి మచ్చ లేకున్నచో అది నాణ్యమైన నేలవేము కాదని సందేహింపవలెను.

రెండవ పరీక్ష ఎంత యున్నదో తెలుపునది. ఇందులకు ద్రవ క్రొమటోగ్రఫీ యంత్రమును వాడుదురు. పదార్థము యంత్రమును దాటునపుడు కాగితముమీద ఒక శిఖరము వంటి గీత ఏర్పడును. పదార్థము హెచ్చైన కొలది ఆ శిఖరపు వైశాల్యము హెచ్చును. ఉదాహరణకు, మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములుగల ప్రామాణిక ద్రావణము 1000 వైశాల్యము చూపినదనుకొందము. ఒక గ్రాము బజారు పొడిని 100 మిల్లీలీటర్లలో కరగదీసిన సారము 800 చూపినది. అనగా మిల్లీలీటరుకు 80 మైక్రోగ్రాములు, మొత్తమున 8 మిల్లీగ్రాములు. ఒక గ్రాము పొడిలో 8 మిల్లీగ్రాములనగా వేయింట ఎనిమిది వంతులు.

ఇపుడు గేజి కడ్డీ సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. బుడ్డిలోని ప్రామాణిక పదార్థము పూర్తిగా శుద్ధమని మన మనుకొంటిమి. నిజముగా దాని శుద్ధి నూటికి 80 మాత్రమే యైనచో, ఆ పొడిలో నున్నది 8 మిల్లీగ్రాములు కాదు, 6.4 మిల్లీగ్రాములే. బలహీనమైన మందు బలమైనదిగా ధ్రువపత్రము పొందును. యంత్రము పొరబడలేదు, పరీక్షకుడు మోసగింపలేదు. అయినను రోగి నష్టపోవును. ఆ బుడ్డిని ఆధారముగా గొని పరీక్షించిన ప్రతి సంచియు ఇట్లే తప్పగును. ప్రామాణిక పదార్థమును వేరుచేయుటయందు ఇంత జాగ్రత్త వహించుటకు కారణము ఇదియే.

వాల్తేరునందు జరిగిన కృషి

ఈ శాస్త్రమున తెలుగునాటి ప్రయోగశాలలకు గౌరవనీయమైన స్థానము కలదు. బిలాస్‌పూర్ తెలుగు కుటుంబములకు చిరపరిచితమైన వాల్తేరులో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు ఆచార్య టి. ఆర్. శేషాద్రిగారు 1949వ సంవత్సరమున ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు వెళ్లువరకు రసాయనశాస్త్రమును బోధించుచు, మన మొక్కలలోని పదార్థములను వేరుచేయు పరిశోధనను పెంపొందించిరి. నేల ఉసిరిలోని చేదు పదార్థమైన ఫిలాంథిన్‌ను గూర్చి జి. వి. కృష్ణమూర్తిగారును వారును 1946వ సంవత్సరమున ప్రకటించిరి. అదే విశ్వవిద్యాలయమున ఆచార్య ఎల్. రామచంద్రరావుగారును, సహపరిశోధకులును ఆ పనిని కొనసాగించి, 1964వ సంవత్సరమున ఫిలాంథిన్, హైపోఫిలాంథిన్‌ల అణునిర్మాణమును గూర్చి వెల్లడించిరి.

ఆనాడు ఇది కేవలము విజ్ఞానాసక్తితో జరిగిన కృషివలె తోచియుండవచ్చును. నేడు నేల ఉసిరి పొడిని పరీక్షించువారు ఆ రెండు పదార్థములనే కొలబద్దగా పెట్టుకొనుచున్నారు. నేల ఉసిరిని పోలిన చిన్న మొక్కలు మన పొలముగట్లమీద అనేకము కలవు. వానిలో కొన్నింటియందు ఫిలాంథిన్ కానరాదు, లేక మిక్కిలి స్వల్పముగా నుండును. పెరికినవారు అన్నింటిని ఒకే కట్టగా కట్టినచో ఆ భేదమును బయటపెట్టునది ఈ పరీక్షయే.

ఒక్క కొలత చాలదు

ఇంత చెప్పినను ఒక హెచ్చరిక అవసరము. ఒక్క పదార్థమును మాత్రమే కొలిచి తృప్తిపడినచో మోసగాండ్రకు దారి చూపినట్లగును. సారమంతయు పిండివేసిన పిప్పిలో కొంచెము శుద్ధ పదార్థమును కలిపి అమ్మినచో ఆ ఒక్క పరీక్షలో అది గెలుచును. అందుచేత ఒక మొక్కకు అనేక పదార్థములను కొలబద్దలుగా ఏర్పరచుట, మొత్తము సారము చూపు శిఖరముల వరుసను వ్రేలిముద్రవలె పోల్చి చూచుట మేలు. మన ప్రభుత్వము 2015వ సంవత్సరమున వృక్షజన్య శుద్ధ ఔషధములను చట్టమునందు నిర్వచించినపుడు, అట్టి ఔషధమునందు కనీసము నాలుగు పదార్థములనైనను నిర్ణయింపవలెనని విధించినది. సీసము, పాదరసము మొదలగు లోహములు, క్రిమిసంహారకములు, బూజు విషములు ఉన్నవేమో చూచు పరీక్షలు వేరుగా జరుగవలెను. ప్రామాణిక పదార్థము మందు నాణ్యతను తెలుపునే గాని, ఆ మందు ఫలానా రోగమును కుదుర్చునని రుజువు చేయదు. అందులకు రోగులయందు క్రమముగా చేసిన పరిశోధనలే ఆధారము.

చట్టము, సంస్థలు

1940వ సంవత్సరపు ఔషధముల చట్టమునందు ఆయుర్వేద, యునానీ మందులకు ప్రత్యేకమైన అధ్యాయము 1964వ సంవత్సరపు సవరణచే చేరినది. ఘజియాబాద్ నగరమున రెండు ముఖ్యసంస్థలు కలవు. ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఔషధముల ప్రమాణములను గ్రంథరూపమున ప్రకటించుచు, ప్రామాణిక పదార్థములను పరీక్షాశాలలకు అందజేయుచున్నది. భారతీయ వైద్యములకును హోమియోపతికిని ఏర్పడిన ఫార్మకోపియా కమిషన్ ఆ వైద్యములందలి మందుల ప్రమాణములను నిర్ణయించుచున్నది.

బిలాస్‌పూర్‌నందు 1983వ సంవత్సరమున స్థాపింపబడి, 2009వ సంవత్సరమున కేంద్రీయ విశ్వవిద్యాలయమైన గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయమునందు ఔషధశాస్త్ర బోధన జరుగుచున్నది. సమీపముననే అచానక్‌మార్-అమర్‌కంటక్ అరణ్యములు కలవు. మూలికలు పెరుగు చోటునకు వానిని పరీక్షించు విద్య ఇంత దగ్గరగా నుండుట ఈ ప్రాంతపు యువకులకు మంచి అవకాశము. అడవిలో మూలికలు ఏరు కుటుంబములకును దీనివలన మేలు కలుగగలదు. నాణ్యతను కొలుచు ఉపాయము లేని చోట మంచి సరకునకును చెడ్డ సరకునకును ఒకే ధర పలుకును. కొలత వచ్చినపుడు, పూతకాలమున కోసి నీడయందు ఎండబెట్టినవాడు తన శ్రమకు తగిన వెల అడుగగలడు.

ప్రజలు గమనింపవలసిన విషయములు

మూలికను కొనునపుడు ఒక్క వాడుకపేరును నమ్మరాదు. ఏ మొక్కయో, దాని శాస్త్రీయనామ మేమో అడుగవలెను. నేలవేమునకు శాస్త్రీయనామము ఆండ్రోగ్రఫిస్ పానిక్యులేటా. చిరాయతాకు స్వెర్షియా చిరాయిటా. నేల ఉసిరికి ఫిలాంథస్ అమారస్. ఈ పేర్లను ఒక కాగితముమీద వ్రాసికొని పోవుట మంచిది.

పొట్లము కట్టిన మందు కొనునపుడు లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ, అందలి మూలికల పేర్లు ఉన్నవో లేవో చూడవలెను. ఇవి లేని పొడిని చౌకగా వచ్చినదని తీసికొనరాదు.

చేదుగా నున్నది గనుక మంచిదే యని తలంపరాదు. చేదును చూచి మొక్కను నిర్ణయింపజాలము.

కామెర్లు గాని, విడువని జ్వరము గాని ఉన్నచో ఇంటి కషాయముతో కాలము గడపక వైద్యుని చూపించుకొనవలెను. రైల్వే ఉద్యోగులకును, వారి కుటుంబములకును రైల్వే వైద్యశాలలు కలవు. తాము సేవించుచున్న మూలికలను వైద్యుని కడ దాచరాదు. గర్భిణీ స్త్రీలు, మూత్రపిండముల వ్యాధిగలవారు, నిత్యము ఇతర మందులు వాడువారు వైద్యుని సలహా లేనిదే మూలికలు సేవింపరాదు. మందు తీసికొన్న పిమ్మట దద్దురులు, ముఖము వాచుట, ఊపిరి ఆడకుండుట కలిగినచో వెంటనే వైద్యశాలకు పోవలెను.

మన పెద్దలు మూలికను తమ చేతులతో పెరికి తెచ్చి వాడిరి. కనుక వారికి కన్నే ప్రమాణముగా నుండెను. నేడు ఎక్కడనో పెరికిన మొక్క, ఎవరో చేసిన పొడి, మరెవరో కట్టిన పొట్లము మన యింటికి వచ్చుచున్నది. పెద్దల కంటిచూపు చేసిన పనిని నేడు ఆ చిన్న గాజుబుడ్డి చేయవలసియున్నది. ఈ మందు ఏ ప్రమాణముతో పరీక్షింపబడినదని అడుగు హక్కు కొనువానికి కలదు. కొనువారు ఆ ప్రశ్నను అలవాటుగా అడుగుచున్నచో, అమ్మువారును పరీక్షను అలవాటు చేసికొందురు.